మయన్మార్ భూకంపం: మా అపార్ట్‌మెంట్ తరఫున 41 వేలు ఉన్నాయి, ఎవరికి పంపాలి?

నిజాంపేట_304

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

మాది నిజాంపేటలో అరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. ఉగాదికి ఫ్లాటుకి ఇంతని వసూలు చేశాం. పండగ 2025 మార్చి 30, భూకంపం 28. పంచాంగ శ్రవణం జరుగుతుంటే సగం మంది తలలు ఫోన్లలోనే ఉన్నాయి, బ్యాంకాక్‌లో కడుతున్న ఆ పెద్ద బిల్డింగు పేకమేడలా కూలే వీడియో చూస్తూ. పంతులుగారు ఏ రాశికి ఆదాయం ఎంతో వ్యయం ఎంతో చెప్తుండగా మా సెక్రటరీ గారు లేచి, సాయంత్రం ఆర్కెస్ట్రా రద్దు చేద్దాం, ఆ డబ్బులు మయన్మార్ వాళ్లకి పంపుదాం అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. పోయిన డిసెంబర్ 4న ములుగులో 5.3 వచ్చినప్పుడు పొద్దున్నే వంటింట్లో గిన్నెలు గలగలమంటే నైటీలతో, లుంగీలతో మెట్లు దిగి కింద నిలబడ్డవాళ్లమే కదా, అక్కడ 7.7 అంటే ఎలా ఉండి ఉంటుందో అందరికీ తట్టింది.

ఆర్కెస్ట్రా వాళ్లకి ఇచ్చిన అడ్వాన్స్ పోను 41,300 మిగిలింది. గొడవ అక్కడ మొదలైంది. సెల్లార్‌లో రెండు మీటింగులు అయ్యాయి, తేలలేదు. సెకండ్ ఫ్లోర్ ఆంటీ ఒకావిడ డబ్బు ఎవరి చేతిలో పడుతుందో ఏమో, బట్టలూ దుప్పట్లూ పంపుదాం అని ఇంటింటికీ తిరిగి పదకొండు మూటలు వాచ్‌మన్ రూములో పెట్టేశారు. ఇప్పుడు వాచ్‌మన్ కుటుంబం మూటల మీద పడుకుంటోంది. ట్రెజరర్ ఏమో పన్ను మినహాయింపుకి పనికొచ్చే 80జీ రసీదు ఇచ్చేవాళ్లకైతేనే ఇస్తానంటాడు. కుర్రాళ్లు వాట్సాప్‌లో వచ్చిన క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఇప్పుడే కొట్టేద్దాం అంటారు.

క్యూఆర్ అంటే నాకు భయం. పోయినసారి ఖమ్మం వరదలప్పుడు మా ఆఫీసు గ్రూపులో ఒకటి తిరిగితే రెండు వేలు పంపాను. పంపాక చూస్తే ఎవరో మనిషి పేరు వచ్చింది, ట్రస్టు పేరు కాదు. రసీదు లేదు, ఫోన్ ఎత్తలేదు. ఎవరన్నది ఇప్పుడు అనవసరం, నా తొందరే నాది.

అసలు మన హైదరాబాద్‌లో కూర్చుని బయట దేశంలో భూకంపానికి పంపాలంటే దారేంటి? రెడ్‌క్రాసా, ఐక్యరాజ్యసమితి వాళ్లా, ఇక్కడి ఎన్జీవోలా? తెలిసినవాళ్లు చెప్పండి. మూటల సంగతి కూడా.

లెక్కల_మాస్టారు

నేను చార్టర్డ్ అకౌంటెంట్‌ని. మీ ట్రెజరర్ గారికి ముందు చెప్పాల్సింది, ఆయన అడిగే 80జీ, మయన్మార్, ఈ రెండూ ఒక రసీదులో మామూలుగా ఇమడవు.

80జీ మినహాయింపు మన దేశంలో నమోదైన సంస్థలకి ఇస్తేనే. రోమ్‌లోనో జెనీవాలోనో ఉన్న సంస్థ వెబ్‌సైట్‌లో కార్డుతో ఇస్తే పుణ్యమే తప్ప పన్ను తగ్గదు. అలాగని ఇక్కడి ట్రస్టుకి ఇచ్చి వాళ్లని అక్కడ ఖర్చు పెట్టమందామంటే అదీ అంత తేలిక కాదు. ఇక్కడి ధర్మ సంస్థ తన ఆదాయాన్ని దేశం బయట ఖర్చు చేస్తే అది ధర్మానికి పెట్టినట్టు లెక్కలోకి రాదు, ప్రత్యక్ష పన్నుల బోర్డు ప్రత్యేకంగా ఆర్డర్ ఇస్తే తప్ప. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 11లో ఉంటుంది ఇది. కాబట్టి పోస్టర్‌లో ఒక పక్క మాండలే శిథిలాల ఫోటో, ఇంకో పక్క '80జీ కలదు' అని పెద్ద అక్షరాలు కనిపిస్తే, ఫోన్ చేసి ఒకటే అడగండి: ఈ డబ్బు అక్కడికి ఏ అనుమతి మీద, ఎవరి ద్వారా వెళ్తుంది? పద్ధతి ఉన్నవాళ్లు చెప్తారు. లేనివాళ్లు మానవత్వం గురించి మాట్లాడతారు.

ఇంకోటి, అసోసియేషన్ ఖాతా నుంచి ఇస్తే రసీదు అసోసియేషన్ పేరు మీదే వస్తుంది, అది చూపించి 304 వాళ్లో 201 వాళ్లో మినహాయింపు అడగడానికి లేదు. పైగా మీలో చాలామంది కొత్త పన్ను విధానంలో ఉండి ఉంటారు, అందులో 80జీయే లేదు. అంటే మీ ట్రెజరర్ గారు రెండు మీటింగులు కొట్లాడింది దాదాపు ఎవరికీ పనికిరాని కాగితం కోసం. (ఆయనకి నా నమస్కారాలు, నా వృత్తిలోనూ ఇలాంటివాళ్లు చాలామంది ఉన్నారు.)

బయటికి పంపడం అంటారా, రిజర్వ్ బ్యాంకు ఎల్ఆర్ఎస్ (విదేశాలకి డబ్బు పంపుకునే పథకం) కింద ఒక మనిషి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపుకోవచ్చు, విరాళం కూడా అందులోదే. కానీ అది వ్యక్తులకి, అసోసియేషన్లకి కాదు. అందరి డబ్బూ ఒకరి కార్డు మీద వేసి పంపడం కూడా నేను చెప్పను, రేపు బ్యాంకు వాడు ఈ సొమ్ము ఎవరిది అంటే సమాధానం ఉండదు. ఫ్లాటుకి సుమారు 690 పడుతుంది కదా, ఎవరిది వాళ్లకి వెనక్కి ఇచ్చి, ఎవరి కార్డుతో వాళ్లని పంపుకోమనండి. అసలు పండక్కని వసూలు చేసిన డబ్బు, ఒక తీర్మానం రాసి సంతకాలు పెట్టించుకోవడం మర్చిపోవద్దు.

ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి ఉందా అని అడగమని ఎవరైనా చెప్తే పట్టించుకోకండి, అది బయటి నుంచి మన దేశానికి వచ్చే డబ్బు గురించి.

క్యూఆర్ విషయం: స్కాన్ చేశాక పైన వచ్చే పేరు చదవండి, పిన్ కొట్టే ముందు. ట్రస్టు పేరు కాక మనిషి పేరుంటే అక్కడే ఆగండి. 80జీ ఉన్న సంస్థల పేర్లు ఇన్‌కమ్ ట్యాక్స్ సైట్‌లో వెతుక్కోవచ్చు, స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో నంబరు ఉంటుంది. అయిదు నిమిషాల పని.

డిపో_రిటైర్డ్

బాబూ 304, నేను ఆర్టీసీలో చేసి రిటైరయ్యాను. పన్ను సంగతులు పై సారు చెప్పారు, నేను మూటల సంగతి చెప్తా. ఆ ఆంటీ గారికి చదివి వినిపించు.

1993 సెప్టెంబర్ 30, గణేశ్ నిమజ్జనం హడావుడి ముగిసి అందరూ పడుకున్న రాత్రి, తెల్లారుజామున నాలుగు కాకముందే లాతూర్ భూకంపం. మన హైదరాబాద్‌లో కూడా మంచాలు ఊగాయి. పొద్దున రేడియోలో కిల్లారి అని చెప్పారు. బొంబాయి రోడ్డు మీద సంగారెడ్డి, జహీరాబాద్, హుమ్నాబాద్ దాటితే ఉమర్గా, అక్కడి నుంచి కొంచెం లోపలికి. మా వాళ్లు ఆ రూట్లో డ్యూటీలు చేసినవాళ్లే, పరాయి ఊరు అనిపించలేదు. డిపోలో చందాలు వేసి, మా కాలనీలో బట్టలు పోగేసి, మూడో రోజు ఒక లారీ మాట్లాడుకుని ఎనిమిది మందిమి బయల్దేరాం. నలభై మూటల బట్టలు, బియ్యం బస్తాలు, బ్రెడ్డు, రెండు గంగాళాల పులిహోర.

పులిహోర జహీరాబాద్ దాటేసరికే వాసన వచ్చింది. ఉమర్గా దగ్గర లారీల వరస ఎంతుందో చెప్పలేను. మాలాంటి పుణ్యాత్ములే అందరూ, గుజరాత్ బండ్లు, కర్ణాటక బండ్లు, చూడ్డానికి వచ్చిన జీపులు. ఆర్మీ వాళ్ల బండి కూడా మా వెనకే ఇరుక్కుంది. అది నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది, మేం బ్రెడ్డు పట్టుకుని వాళ్లకి అడ్డం నిలబడ్డాం. పైన వాన.

లోపలికి వెళ్లాక చూస్తే రోడ్డుకి రెండు వైపులా బట్టలు. కుప్పలు కావు, గట్లు. వానకి తడిసి, బురదలో తొక్కి, ఎవరూ ముట్టుకోవట్లేదు. కోట్లు ఉన్నాయి, ఎత్తు మడమల చెప్పులు ఉన్నాయి, ఎవరిదో పెళ్లి షేర్వానీ ఉంది. మా మూటలు కూడా దాని పక్కనే దించాం, ఇంకేం చేస్తాం. ఒక ముసలావిడ వచ్చి మా మూటలో నుంచి ఒక నైలెక్స్ చీర తీసింది. ముక్కు దగ్గర నుంచి చెయ్యి చాపి కొలవడం మొదలుపెట్టింది, ఒకటి, రెండు, మూడు అని. కొలిచి, మళ్లీ నీటుగా మడత పెట్టి, మూట మీద పెట్టేసి వెళ్లిపోయింది. నాకు అర్థం కాలేదు. మాతో వచ్చిన బీదర్ అతను చెప్పాడు, ఆ తరం ఆడవాళ్లు తొమ్మిది గజాల చీరే కడతారు, మనది ఆరు గజాలు, కట్టడానికి రాదు అని. ఇల్లు పోయి, మనుషులు పోయి కూడా ఆవిడ ఆ చీర మడత పెట్టి పెట్టింది చూడు.

బియ్యం అంతే. వాళ్లు తినేది జొన్న రొట్టె. పిండి కావాలి, పెనం కావాలి. బియ్యం వండటానికి గిన్నెలు ఎక్కడున్నాయి, మట్టి కిందే. ఆ ఇళ్లు చూశాక తెలిసింది, రెండు మూడడుగుల మందం రాతి గోడలు, మట్టితో కట్టినవి, పైన మట్టి కప్పు. నిద్రలో ఉన్నవాళ్ల మీద అవి పడ్డాయి. ఊరి చివర గుడిసెల్లో పడుకున్నవాళ్లు బతికారు.

అంత సరుకు తీసుకెళ్తే నిజంగా పనికొచ్చింది ఏంటో తెలుసా, లారీ టూల్ బాక్సులో ఉన్న జాకీ, ఒక గడ్డపార, సరుకు కట్టిన మోకులు, మీద కప్పిన టార్పాలిన్. జవాన్లు వచ్చి ఇవి ఇస్తారా అని అడిగి తీసుకున్నారు. ఆ జాకీ కోసం లారీ ఓనరు ఎన్నాళ్లు మా డిపో చుట్టూ తిరిగాడో.

దాదాపు పదివేల మంది పోయారు అక్కడ. 52 ఊళ్లు ఉన్నచోట కాకుండా వేరే చోట మొత్తం కొత్తగా కట్టాల్సి వచ్చింది, ఏళ్లు పట్టింది. మేం వెళ్లింది మూడో రోజు. మూడో నెలలో ఒక్క లారీ కూడా వెళ్లలేదు మా కాలనీ నుంచి.

మూటలు పంపొద్దు. అది కూడా సముద్రం అవతలికి!

మన_ఊరు_ముందు

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మున్నేరు పొంగి ఖమ్మంలో ఇళ్లలో బురద ఎత్తిపోసుకున్నవాళ్లకి ఎంతమంది ఇచ్చారు? విజయవాడలో బుడమేరు? 41 వేలు సీఎం సహాయ నిధికి ఇవ్వండి, దానికి నూటికి నూరు శాతం మినహాయింపు కూడా ఉంది, ట్రెజరర్ కూడా శాంతిస్తాడు. మయన్మార్‌కి మన ప్రభుత్వం ఎలాగూ విమానాల్లో పంపింది కదా.

నిజాంపేట_304

అన్నా, మీ మాట కాదనను, ఖమ్మానికి కూడా ఇచ్చాం అప్పుడు (అందులో నా రెండు వేలు ఎక్కడికి పోయాయో పైన రాశాగా). కానీ ఇవి ఆ పేరు చెప్పి ఆర్కెస్ట్రా ఆపి మిగిల్చిన డబ్బులు. వేరేదానికి మళ్లిస్తే ఆర్కెస్ట్రా ఎందుకు ఆపారని పిల్లలు నన్ను తింటారు.

నైట్_డ్యూటీ

నేను డయాలసిస్ యూనిట్‌లో స్టాఫ్ నర్స్‌ని. ఇప్పుడే డ్యూటీ దిగాను, తప్పులుంటే సర్దుకోండి.

భూకంపం అనగానే అందరూ శిథిలాల కింద నుంచి మనిషిని బయటికి లాగే దృశ్యమే చూస్తారు. చప్పట్లు కొట్టి టీవీ కట్టేస్తారు. మా పని అక్కడ మొదలవుతుంది. గంటల తరబడి కాలో తొడో స్లాబు కింద నలిగిన మనిషిని హఠాత్తుగా బరువు ఎత్తి లాగేస్తే, నలిగిన కండరంలో నుంచి పొటాషియం, కండరాల ప్రొటీన్ ఒక్కసారి రక్తంలోకి వచ్చేస్తాయి. పొటాషియం గుండెని ఆపుతుంది, ప్రొటీన్ కిడ్నీల్ని మూసేస్తుంది. బయటికి వచ్చి నీళ్లు తాగి మాట్లాడిన మనిషి రాత్రికి పోతాడు. క్రష్ సిండ్రోమ్ అంటారు. బరువు ఎత్తకముందే సెలైన్ ఎక్కించడం మొదలుపెట్టాలి, తర్వాత చాలామందికి డయాలసిస్ కావాలి. 1988లో ఆర్మేనియా భూకంపంలో ఇలాగే చాలామంది పోయాక, కిడ్నీ డాక్టర్ల అంతర్జాతీయ సంఘం ఇలాంటి విపత్తుల కోసమే విడిగా ఒక దళం పెట్టుకుంది. సరిహద్దులు లేని డాక్టర్లు, అదే ఎంఎస్ఎఫ్, వాళ్లు కూడా ఈ పనిలో ఉంటారు.

అంటే ఏంటి, మీ 690 రూపాయలు సెలైన్ బాటిళ్లకి, ట్యూబింగ్‌కి, జనరేటర్ డీజిల్‌కి వెళ్తే పని జరుగుతుంది. అవన్నీ ముందే గోడౌన్‌లో పెట్టుకున్న సంస్థకే రెండో రోజున చేతికి వస్తాయి, మనం ఇచ్చే డబ్బు నిజానికి వాళ్లు వాడేసిన సరుకుని మళ్లీ నింపడానికి. కాబట్టి 'భూకంపానికి మాత్రమే' అని షరతు పెట్టకుండా ఇవ్వండి. 2004 సునామీ అప్పుడు ఎంఎస్ఎఫ్ వాళ్లు రోజుల్లోనే సునామీ పేరు మీద ఇక పంపొద్దు, మా పనికి సరిపడా వచ్చేసింది అని చెప్పేశారు. అలా చెప్పినవాళ్ల మీద నాకు నమ్మకం.

దయచేసి మందులు పోగేయకండి. ఇంట్లో మిగిలిన సగం స్ట్రిప్పులు, పోయినేడాది దగ్గు సిరప్పులు కవర్లో వేసి ఇస్తుంటారు. అక్కడికి చేరేసరికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉన్న మందులే తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమం పెట్టింది. మిగతావి తగలబెట్టడానికి కూడా అక్కడ మనిషి కావాలి.

రంగం_మనవడు

మా నాయనమ్మ వాళ్లది శ్రీకాకుళం దగ్గర పల్లె. ఆవిడ ఎప్పుడూ రంగూన్ అనలేదు, రంగం అనేది. 'రంగంలో మీ తాత రేవులో పని చేసేవాడు' అని. 1942లో జపాను బాంబులకి భయపడి అడవుల్లో నడిచి వచ్చిన కుటుంబాల్లో మాదీ ఒకటి. ఇప్పుడు మేం ఉప్పల్‌లో స్థిరపడ్డాం. అందుకని ఈ భూకంపం వార్తలు నేను కొంచెం ఎక్కువే చూశాను, నాకు తెలిసింది రాస్తాను.

భూకంపం మాండలే, సగాయింగ్ దగ్గర. మన వాళ్లుండే రంగూన్ అక్కడికి ఆరు వందల కిలోమీటర్ల పైన. మన ప్రభుత్వం ఆపరేషన్ బ్రహ్మ అని మర్నాడే 15 టన్నులు పంపిన విమానం దిగింది రంగూన్‌లోనే, ఓడలు వెళ్లిందీ అక్కడికే. మాండలే ఎయిర్‌పోర్టు మూతపడింది, రాజధాని నేపిడోలో ఎయిర్‌పోర్టు కంట్రోల్ టవరే కూలింది. ఇరావతి నది మీద బ్రిటిష్ వాళ్లు కట్టిన పాత అవా వంతెన నదిలో పడిపోయింది. తర్వాత మన ఆర్మీ వాళ్లు 118 మందితో మాండలేలో ఆసుపత్రి పెట్టారు, అది మంచి పని. కానీ చూడండి, సరుకు రంగూన్ చేరడం ఒక పని, అక్కడి నుంచి పగుళ్లిచ్చిన రోడ్ల మీద పైకి వెళ్లడం ఇంకో పని.

దానికి మించిన చిక్కు, అక్కడ 2021లో సైన్యం అధికారం లాక్కుంది. సగాయింగ్ వైపు చాలా పల్లెలు సైన్యాన్ని ఎదిరించే వాళ్ల చేతుల్లో ఉన్నాయి. భూకంపం వచ్చాక కూడా విమానాల నుంచి బాంబులు వేశారు. ఏప్రిల్ 2న కాల్పుల విరమణ అన్నారు, ఆ తర్వాతా దాడుల వార్తలు వస్తూనే ఉన్నాయి. సైన్యం అనుమతి ఇచ్చిన చోటికే బయటివాళ్లు వెళ్లగలరు. కాబట్టి ఆ దేశ ప్రభుత్వ నిధి, ఎంబసీ ఖాతా లాంటివి ఎవరైనా చెప్తే నేనైతే వేయను. నా అభిప్రాయం, ఎవరికైనా కోపం వస్తే రానివ్వండి.

మరి ఎవరికి? భూకంపానికి ముందు నుంచీ అక్కడ ఉన్నవాళ్లకి. పైన మేడం చెప్పిన ఎంఎస్ఎఫ్ 1992 నుంచి ఆ దేశంలో పని చేస్తోంది. రెడ్‌క్రాస్‌కి ప్రతి ఊళ్లో అక్కడి వాలంటీర్లే ఉంటారు. ప్రపంచ ఆహార కార్యక్రమం, అదే డబ్ల్యూఎఫ్‌పీ సంగతి వింటే బాధేస్తుంది. భూకంపానికి రెండు వారాల ముందే వాళ్లు ప్రకటించారు, డబ్బు లేక ఏప్రిల్ నుంచి మయన్మార్‌లో పది లక్షల మందికి పైగా తిండి ఆపేస్తున్నాం అని. అంటే గోడౌన్ ఖాళీ అవుతున్న టైములో ఇది వచ్చి పడింది. నేను వాళ్లకి ఇచ్చాను, సైట్‌లో మామూలు కార్డుతో అయిపోయింది.

జనం రోడ్ల మీద పడుకుంటున్నారు, ఇల్లు నిలబడినా లోపలికి వెళ్లడానికి భయం. మాండలే ఎండ మన రామగుండం ఎండలాంటిదే, నలభై దాటుతుంది. మే వస్తే వానలు. టార్పాలిన్ మాట డిపో అంకుల్ చెప్పారు చూడండి, 1993 అయినా ఇప్పుడైనా అదే.

షాలిబండ_చాయ్

ఒక విషయం ఎవరూ రాయలేదు. ఆ రోజు రంజాన్ చివరి శుక్రవారం. భూకంపం వచ్చింది అక్కడి టైము మధ్యాహ్నం ఒంటిగంట కావస్తుండగా, సరిగ్గా జుమా నమాజు వేళ. మాండలేలో, సగాయింగ్‌లో పాత మసీదులు కూలి లోపల ఉన్నవాళ్లు వందల్లో పోయారు. బౌద్ధ ఆరామాలు కూలి భిక్షువులూ పోయారు. మా గల్లీలో ఈద్ ముందు రోజు రాత్రి జకాత్ డబ్బు దానికి పంపుదామని అనుకున్నాం, మీలాగే ఎవరికి అనే దగ్గర ఆగిపోయాం. లెక్కల మాస్టారు రాసింది మా వాళ్లకి చదివి వినిపించాను. థాంక్స్ సార్.

ఎల్బీనగర్_లొల్లి

అందరూ పెద్ద పెద్ద సంస్థల పేర్లు చెప్తున్నారు, హైతీ మర్చిపోయారా? 2010 భూకంపానికి అమెరికన్ రెడ్‌క్రాస్ దాదాపు 50 కోట్ల డాలర్లు వసూలు చేసింది, అయిదేళ్ల తర్వాత అక్కడి విలేకర్లు వెళ్లి చూస్తే కట్టిన పక్కా ఇళ్లు ఆరు. ఆరంటే ఆరు. టర్కీలో 2023లో జనం మంచులో వణుకుతుంటే అక్కడి రెడ్‌క్రాస్ అయిన రెడ్ క్రెసెంట్ టెంట్లు ఇంకో చారిటీకి అమ్మింది! అమ్మింది అంటున్నా. ఏసీ రూముల్లో జీతాలకి నా డబ్బు ఎందుకు ఇవ్వాలి?

లెక్కల_మాస్టారు

లొల్లి గారూ, రెండూ జరిగినవే. హైతీలో వాళ్లు వేరే రకంగా లక్ష మందికి పైగా ఇంటి సాయం చేశామని వాదించారు, లెక్క మాత్రం ఎవరికీ తృప్తిగా చూపలేకపోయారు. అందుకే నేను చూసేది జీతాల శాతం కాదు. జీతం లేకుండా డయాలసిస్ నర్సు వస్తుందా? ఆడిటర్‌గా చెప్తున్నా, నిర్వహణ ఖర్చు రెండు శాతమే అని గొప్పలు చెప్పే ట్రస్టు లెక్కలు చూస్తే నాకు అనుమానం ఎక్కువ వస్తుంది, మిగతా ఖర్చు ఏ పద్దులో దూరిందా అని. నేను చూసేది వాళ్లు ఏ పనిలో చేయి తిరిగినవాళ్లు అన్నది. రెడ్‌క్రాస్ అంటే మొదటి వారాలు, రక్తం, టెంట్లు, వాలంటీర్లు. ఇళ్లు కట్టడం ఇంకో విద్య. రక్తం తీసేవాళ్లని ఇల్లు కట్టమంటే హైతీ అవుతుంది.

బట్టలకి మాత్రం గూంజ్ పద్ధతి చూడండి. 1991లో ఉత్తరకాశీ భూకంపం చూసొచ్చిన అంశు గుప్తా 1999లో మొదలుపెట్టిన సంస్థ అది. 2004 సునామీ తర్వాత తమిళనాడులో డిపో గారు చెప్పినట్టే రోడ్ల మీద పారేసిన లారీల కొద్దీ బట్టల్ని ఏరి, శుభ్రం చేసి వేరే పనులకి వాడారు. ఆంటీ గారి మూటలకి అలాంటి చోటు వెతకండి.

నిజాంపేట_304

అప్‌డేట్. అందరికీ పెద్ద థాంక్స్, మొత్తం ప్రింటు తీసి సెల్లార్ నోటీసు బోర్డుకి అంటించాను (ఎల్బీనగర్ అన్నది కూడా).

ఆదివారం సాయంత్రం బెంచీలు వేసి, ఎవరి వాటా వాళ్లకి వెనక్కిచ్చి, అక్కడే ఫోన్లలో పంపుకుందాం అన్నాం. అరవై ఫ్లాట్లకి ఇరవై మూడు వచ్చాయి. అందులో సగం మంది కార్డుల్లో ఇంటర్నేషనల్ ఆఫ్ చేసి ఉంది, అది ఆన్ చేయడానికి గంట పట్టింది, ఓటీపీ పాత నంబరుకి వెళ్లేవాళ్లు కొందరు. చివరికి పద్దెనిమిది మంది పంపగలిగారు, ఎక్కువమంది డబ్ల్యూఎఫ్‌పీకి, కొందరు ఎంఎస్ఎఫ్‌కి. చాలామంది 690ని వెయ్యి చేశారు, పక్కవాళ్లు చూస్తున్నారుగా. ఫారిన్ కరెన్సీ అని బ్యాంకు కొంచెం కోసుకుంది, దాని మీద ట్రెజరర్ ఇంకా మాట్లాడుతున్నాడు. రాని ఫ్లాట్ల వాటా అలాగే ఉంది, జూన్‌లో మళ్లీ మీటింగు పెట్టి చూద్దామని తీర్మానం రాశాం. మూడో నెలలో లారీ వెళ్లలేదన్న అంకుల్ మాట మీదే అది.

మూటలు విప్పాం. పదకొండులో మనిషి వేసుకునేవి నాలుగు మూటలు తేలాయి. మిగతా వాటిలో కర్టెన్లు, స్కూల్ టైలు, ఒక ఎడమ కాలి షూ, హనీమూన్‌లో కొన్నట్టున్న ఉన్ని కోటు. ఆంటీకి తొమ్మిది గజాల చీర సంగతి చదివి వినిపిస్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగారు, బర్మాలో మగా ఆడా లుంగీలే కడతారట కదా, మా ఆయనవి కొత్తవి ఆరున్నాయి అని. వద్దు ఆంటీ అని చెప్పడానికి మళ్లీ పావుగంట.

డిపో అంకుల్, మా పిల్లలు ఒకటే అడుగుతున్నారు, ఆ జాకీ చివరికి దొరికిందా?

డిపో_రిటైర్డ్

ఎక్కడ దొరుకుతుంది నాయనా. ఆర్నెల్లు పోరు పెడితే కొత్తది కొనిచ్చాం, చందాలో మిగిలిన డబ్బుతో.

లెక్కల_మాస్టారు

ఏ పద్దు కింద రాశారు సార్?

డిపో_రిటైర్డ్

పులిహోర కింద.